బియ్యం నిండుకున్నాయి, రిసోర్స్ రిలీజయ్యాడు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పటి సంగతి ఇది. మాది విజయనగరం. భోగి ముందు రోజు రాత్రి పదకొండింటికి ప్రొడక్షన్లో ఏదో పడిపోయిందని ఫోనొస్తే, వరండాలో మంచం మీద కూర్చుని మా టీం కుర్రాడికి చెప్తున్నా. "ముందు ఆ చైల్డ్‌ని కిల్ చెయ్. పేరెంట్ ఎప్పుడో చచ్చింది, ఇవన్నీ ఆర్ఫన్లయి తిరుగుతున్నాయి. జాంబీలు ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పు." ఫోన్ పెట్టేసి చూస్తే గుమ్మంలో మా మేనత్త. ముప్ఫయ్యేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, ఇంగ్లీషు బానే తెలుసు. "పండగపూట ఆ మాటలేట్రా? పిల్లల్ని చంపడవేటి, అనాథలేటి?" అంది. కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాముల గురించి అత్తా అని చెప్పా. నమ్మింది గానీ ఒప్పుకోలేదు. "ప్రోగ్రామే అవనీ. ఆపీ అంటే సరిపోదా, చంపీ అనాలా?"

మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి అదే అత్త గొంతు: "ఒరే, బియ్యం నిండుకున్నాయి, కొట్టుకెళ్ళి ఓ పది కేజీలు పట్రా." మావాడికి పదకొండేళ్ళు, పుట్టిందీ పెరిగిందీ కొండాపూర్‌లో. వాడు పరిగెత్తుకెళ్ళి డబ్బా మూత తీసి చూశాడు. "నాన్నా, ఇది ఖాళీగా ఉంది! నిండడం అంటే ఫుల్ అవడం కదా?" అత్త వాణ్ణి దగ్గరికి లాక్కుని చెప్పింది, "ఉన్న ఇంట్లో లేవు అనకూడదు నాన్నా."

తిరుగు ప్రయాణంలో రైల్లో నిద్ర పట్టక ఈ రెండిటి గురించే ఆలోచిస్తూ పడుకున్నా. ఖాళీ డబ్బాని నిండుకుందనే మనిషికి, ప్రాణంలేని ప్రోగ్రాంని చంపమనే మనిషి ఎలా కనిపిస్తాడు?

స్కూల్లో మనందరం పర్యాయపదాలు బట్టీ పట్టినవాళ్ళమే. ఇల్లు: గృహం, సదనం, నివాసం, కొంప. రాస్తే మార్కులు పడేవి. కానీ ఇవి సమానం అని చెప్పిన మాస్టారు మనకి పెద్ద అబద్ధం చెప్పారు. గృహప్రవేశం కార్డు మీద "కొంపప్రవేశం" అని అచ్చేయించి చూడండి, ఎంతమందొస్తారో. మునిగేది ఎప్పుడూ కొంపే, గృహం మునిగినట్టు నేనెప్పుడూ వినలేదు. మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి మైండ్‌స్పేస్‌లో కేబ్ కోసం నిలబడి "ఇంక కొంపకి పోదాం పదరా" అంటే అందులో తిట్టు లేదు, ఉన్నదంతా బడలికా, ఆ పక్కనున్నవాడి మీద కాస్త ప్రేమా.

ఇదేం కొత్త విషయం కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే కాశ్మీరంలో ఆనందవర్ధనుడు దీని మీద ఏకంగా ధ్వన్యాలోకం అని ఓ గ్రంథం రాశాడు. మన అలంకారశాస్త్రంలో అందరూ వాడే ఉదాహరణ ఒకటుంది, "గంగలో పల్లె". పల్లె నీళ్ళలో ఉండదు, గట్టు మీద ఉంటుందని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. మరి గట్టు మీద అనొచ్చుగా? అంటే ఆ చల్లదనం, ఆ పవిత్రత రావు. మా భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాంలో వేరియబుల్ పేరు మొదటినుంచి చివరిదాకా మార్చేసినా ఔట్‌పుట్ మారదు, కంపైలర్‌కి ఆ పేరుతో పనిలేదు. కథలో ఒక్క చోట ఇల్లు తీసి కొంప పెడితే కథే మారిపోతుంది.

పెద్ద ఉదాహరణలకి లోపలి పేజీల దాకా వెళ్ళక్కర్లేదు, పుస్తకాల అట్టలు చూస్తే చాలు. మా ఊరివాడని కాదుగానీ గురజాడతోనే మొదలెడతా. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయ్యింది 1897లో. మనం ఇప్పుడు చదివేది ఆయన బాగా పెంచి, మార్చి రాసిన 1909 నాటి కూర్పు. ఆ పేరు ఒక్కసారి కొత్తగా వినండి. కన్య, శుల్కం. రెండూ శుభ్రమైన సంస్కృతం ముక్కలు. ఏదో శాస్త్రోక్తమైన ఏర్పాటులా, ఆఫీసులో కట్టే ఫీజులా వినిపిస్తుంది. జరిగే పనేంటి? పసిపిల్లల్ని ముసలాళ్ళకి అమ్మడం. మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ లెక్కలిచ్చాడు. మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా వేయిస్తే మూడేళ్ళకి 1034 తేలాయట. ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఇదంతా తెలిసిన మనిషి తన నాటకానికి "పిల్లల బేరం" అని పేరు పెట్టొచ్చు. పెట్టలేదు. పెద్దమనుషులు వాడే పెద్దమనిషి మాటనే తీసుకెళ్ళి గుమ్మానికి బోర్డులా కట్టాడు. లోపలికెళ్తే అందరూ ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాట్లాడతారు. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందలకి కుదురుస్తాడు. (లుబ్ధ అంటే పిసినారి, అవధాన్లు అంటే వేదం చదువుకున్న గౌరవం. ఆ రెండిటినీ కలిపి ఒకడికి పేరు పెట్టడంలోనే సగం నాటకం ఉంది.) తెర పడేసరికి శుల్కం అనే మాట మీదున్న పట్టుబట్ట ఊడిపోయి, బేరం ఒక్కటే మిగులుతుంది. "అమ్మకం" అని పేరు పెట్టుంటే ఆ పెద్దమనుషులు "అది మా గురించి కాదు" అని లేచి వెళ్ళిపోయేవారు. వాళ్ళ మాటతోనే వాళ్ళని కూర్చోబెట్టాడు. అందులో గిరీశం సంగతి చెప్పక్కర్లేదు, తక్కువ పని చెయ్యాల్సినప్పుడల్లా ఎక్కువ ఇంగ్లీషు మాట్లాడతాడు. ఇవాళ ఉండుంటే రాయదుర్గంలో డెలివరీ మేనేజరయ్యేవాడని నా గట్టి నమ్మకం :)

మా ఊరిదే ఇంకోటి, చాసో రాసిన వాయులీనం. భార్య జబ్బు పడితే వైద్యం కోసం ఆమె ఫిడేలు అమ్మేయాల్సి వస్తుంది. కథ ఇంతే. విజయనగరం ఫిడేలుకి పుట్టిల్లు లాంటిది, 1919లో పెట్టిన మహారాజా వారి సంగీత కళాశాల అక్కడుంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పింది అక్కడే. మా ఊళ్ళో రిక్షా తొక్కేవాళ్ళకి కూడా ఫిడేలు అంటే తెలుసు. అయినా కథకి "ఫిడేలు" అని పేరు పెట్టలేదు. పెడితే అది ఒక వస్తువు, దానికో రేటుంటుంది. వాయులీనం అంటే వయొలినే, కానీ ఆ మాటని విడదీస్తే "గాలిలో కలిసిపోయినది". నేను ఈ కథ ఇంటర్లో మొదటిసారి చదివినప్పుడు ఈ సంగతి తట్టలేదు. పెళ్ళయ్యాక రెండోసారి చదివితే పేరు దగ్గరే ఆగిపోయా.

జాషువా గారైతే ఇంకా మొండి పని చేశారు. కాళిదాసు మేఘాన్ని పంపాడు, మిగతావాళ్ళు హంసల్ని పంపారు. 1941లో జాషువా పంపింది గబ్బిలాన్ని. ఇంట్లోకి దూరితే అశుభం అని తరిమేసే జీవి, పేరులోనే గబ్బు వినిపిస్తుంది. గుళ్ళోకి అంటరానివాణ్ణి రానివ్వరు, కానీ గబ్బిలం గర్భగుడి కప్పుకి వేళ్ళాడుతూ దేవుడి చెవిలో చెప్పగలదు. హంస అయితే ఈ కావ్యమే లేదు.

మాటల వాసన ఎప్పటికీ ఒకేలా ఉండదు, అదింకో తమాషా. పాత తెలుగులో కంపు అంటే సువాసన కూడా. ఇప్పుడు మీ ఆవిడ పెట్టుకున్న మల్లెపూల కంపు బాగుందని అనండి, ఆ తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు. కూడు కూడా అంతే, ఒకప్పుడు మామూలు మాట, ఇప్పుడు తిట్టుకి దగ్గరయింది. గూడూ గుడ్డా పక్కన ఉన్నప్పుడు మాత్రమే దాని పరువు మిగిలింది. మన ఫీల్డులో "లెగసీ" చూడండి. బయట లోకంలో లెగసీ అంటే తాతముత్తాతలు ఇచ్చిన ఘనత. మన దగ్గర లెగసీ అంటే రాసినవాడు పారిపోగా ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని కోడ్.

అసలు ఈ కారిడార్ మొత్తం మాటలు మార్చి కట్టిందే. 1998లో సైబర్ టవర్స్ లేచేదాకా మాదాపూర్ అంటే బండరాళ్ళు. గచ్చిబౌలి అంటే గచ్చు చేసిన బావి, ఇప్పుడా మాట వింటే ఎవరికైనా నీళ్ళు గుర్తొస్తాయా, ఫ్లైఓవర్ గుర్తొస్తుందా? ఇక మనం లోపల మాట్లాడుకునే మాటలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మకి "బెంచ్ మీద ఉన్నానమ్మా" అని చెప్తే కంగారుపడిపోయింది, ఆవిడకి బెంచీ ఎక్కించడం అంటే తప్పు చేసినవాడికి వేసే శిక్ష. మనుషుల్ని "రిసోర్స్" అనడం మనకి ఎంత అలవాటయిందంటే, తెలుగులోకి మారిస్తే గానీ సిగ్గెయ్యదు. "మా ప్రాజెక్టుకి ఇంకో ఇద్దరు వనరులు కావాలి, ఒక వనరు మెటర్నిటీ లీవులో ఉంది."

2020 అక్టోబర్లో గిట్‌హబ్ కొత్త రిపాజిటరీల్లో "మాస్టర్" బ్రాంచ్ పేరుని "మెయిన్"గా మార్చినప్పుడు మా టీంలో అందరం నవ్వుకున్నాం. పైథాన్ వాళ్ళు మాస్టర్, స్లేవ్ మాటల్ని చాలాచోట్ల తీసేసింది అంతకి రెండేళ్ళ ముందు. మాట మారిస్తే బానిసత్వం పోతుందా, మా స్క్రిప్టులు విరగ్గొట్టారు గానీ, అని గట్టిగా వాదించినవాళ్ళలో నేనొకణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా వాదించను. కోడ్ కంపైలర్‌కి మాత్రమే రాయం, పక్క సీట్లో కూర్చున్న మనిషి కూడా చదువుతాడు. ఆ మనిషి ముత్తాత ఎవరో నాకేం తెలుసు?

ఇంతవరకూ అసలు సంగతి చుట్టూ తిరుగుతున్నా. చెప్పేస్తా.

2009 మార్చి. అమెరికాలో మాంద్యం మొదలై ఏడాది దాటింది, ఇక్కడ జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడి రెండు నెలలు. (ఆ రోజుతో మా కారిడార్‌లో సత్యం అనే మాటకే అర్థం మారిపోయింది. పదేళ్ళ తర్వాత కూడా ఆ మాట వింటే ఎవరో ఒకరు నవ్వేవారు.) నేనప్పుడు ఒక కంపెనీలో టీం లీడ్‌ని. మా టీంలోంచి ఇద్దరిని తీసెయ్యాలని పైనుంచి వచ్చింది. హెచ్చార్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు, అందులో వాడకూడని మాటలు ఒక పక్క, వాడాల్సిన మాటలు ఒక పక్క. "తీసేశాం", "ఉద్యోగం పోయింది" లాంటివన్నీ వాడకూడనివి. "రిలీజ్" అనేది వాడాల్సింది.

ఇద్దరిలో ఒకతనిది కరీంనగర్ వైపు. మూడేళ్ళుగా నా పక్క సీటు, మధ్యాహ్నం ఇద్దరం అయ్యప్ప సొసైటీ మెస్‌లో కలిసి తినేవాళ్ళం. మీటింగ్ రూంలో కూర్చోబెట్టి, కాగితంలో ఉన్నట్టే చెప్పా. "నిన్ను ప్రాజెక్ట్ నుంచి రిలీజ్ చేస్తున్నాం."

అతని మొహం వెలిగింది. "అవునా అన్నా? మంచిగైంది. ఈ మాడ్యూల్ జేసి జేసి బోర్ కొట్టింది. ఏ ప్రాజెక్ట్‌ల ఏస్తున్రు?"

తప్పు అతనిది కాదు. మా దగ్గర రిలీజ్ అంటే మామూలుగా అదే అర్థం, ఒక ప్రాజెక్ట్ నుంచి ఇంకో ప్రాజెక్ట్‌కి. ఆ అర్థం ఉంది కాబట్టే ఆ మాటని ఏరుకున్నారు. నేను అప్పటికప్పుడు సరిదిద్దొచ్చు. "అది కాదు తమ్ముడూ, ఉద్యోగమే పోయింది" అనొచ్చు. నాలుగు ముక్కలు. అనలేదు. "హెచ్చార్ వాళ్ళు చెప్తారు" అని లేచి వచ్చేశా. గంట తర్వాత వాళ్ళు చెప్పారు. అతను సీటు దగ్గరికొచ్చి టిఫిన్ డబ్బా, ఫొటో సర్దుకుంటుంటే నేను మానిటర్లోకి చూస్తూ కూర్చున్నా. ఆ సాయంత్రం క్లయింట్‌కి మెయిల్ కూడా నేనే రాశా, "రెండు రిసోర్సులు ర్యాంప్ డౌన్ అయ్యాయి" అని. చూడండి ఆ వాక్యం, అందులో చేసినవాడు ఎవరూ లేడు. నదిలో నీళ్ళు తగ్గినట్టు వాటంతటవే తగ్గాయి.

మా అత్త మాటకీ ఈ మాటకీ తేడా ఇక్కడే ఉందని రైల్లో అనిపించింది. నిజానికి రెండూ మెత్తటి మాటలే. దీపం కొండెక్కింది అంటాం, ఆరిపోయింది అనం. నల్లపూసలు పెరిగాయి అంటాం, తెగాయి అనం. వెళ్ళొస్తా అంటాం, వెళ్తా అనం. కానీ నిండుకున్నాయి అన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ మోసపోరు (మావాడు తప్ప). డబ్బా ఖాళీ అని అందరికీ తెలుసు, ఆ లేమి అన్నవాళ్ళదే. కాగితంలో ఉన్న మాట పనిచెయ్యాలంటే మాత్రం వినేవాడికి, కనీసం ఒక గంటసేపు, విషయం తెలియకూడదు.

పేపరు వాళ్ళు ఈ పనికి "ఉద్వాసన" అంటారు. వినాయకచవితి అయ్యాక దేవుడికి చెప్పేది ఉద్వాసన. ఆయన్నయితే మళ్ళీ ఏడాది రమ్మని చెప్పి మరీ పంపిస్తాం.

2023లో నా వంతు వచ్చింది. ఇంకో కంపెనీ, ఇంకో మాట. ఈసారి మెయిల్లో "మీ రోల్ ఇంపాక్ట్ అయ్యింది" అని ఉంది. అంతా చదివినా ఎవరు చేశారో దొరకలేదు, ఆకాశంలోంచి ఉల్క ఏదో పడినట్టుంది. ఆ సాయంత్రం దుర్గం చెరువు గట్టున ఓ అరగంట తిరిగి నాన్నకి ఫోన్ చేశా. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసు రూల్సు నోటికొచ్చు, మాటల విషయంలో ఖచ్చితం. ప్రభుత్వ నియమాల్లో రిమూవల్ వేరు, డిస్మిసల్ వేరు. రిమూవ్ చేస్తే మళ్ళీ ఇంకో ప్రభుత్వోద్యోగానికి వెళ్ళొచ్చు, డిస్మిస్ చేస్తే మామూలుగా ఆ దారీ మూసేసినట్టే. తెలుగులో చెప్తే రెండూ "తీసేశారు" అనే.

"ఇంపాక్ట్ అయ్యింది నాన్నా" అన్నా.

"ఏక్సిడెంటేట్రా?" అని కంగారుపడ్డారు. కాదని చెప్పా. కాస్సేపు ఆగి, "అంటే తీసీసారు" అన్నారు.

"ఊఁ. తీసేశారు."

"సరే. అన్నం తిన్నావా?"

ఎందుకో తెలీదు, ఆ మాట అన్నాక గుండెల మీంచి బరువు దిగింది. తీసేశారు. ఎవరో ఉన్నారు, వాళ్ళు తీశారు. నేను ఏదో అయిపోలేదు. నాలుగు నెలలకి ఇంకో ఉద్యోగం దొరికింది, ఆ సంగతి అంత చెప్పుకోదగ్గది కాదు. ఆ నాలుగు నెలల్లో నాకు ఎక్కువసార్లు గుర్తొచ్చింది మాత్రం 2009లో నా ఎదురుగా వెలిగిన ఆ మొహం. అయినా ఫోన్ చెయ్యలేదు. ఏమని మొదలెట్టాలో తెలీక.

ఈ సంక్రాంతి నుంచి వచ్చాక, ఓ పాత మిత్రుడి దగ్గర నంబరు తీసుకుని చేశా. పదిహేనేళ్ళు దాటిపోయింది. గొంతు వెంటనే గుర్తుపట్టాడు. పుణెలో కొన్నాళ్ళు చేసి, ఇప్పుడు మళ్ళీ ఇక్కడే, నానక్‌రాంగూడలో పనిచేస్తున్నాడట, నా ఆఫీసుకి మూడు కిలోమీటర్లు. ఆ రోజు సంగతి ఎత్తి, నేను అప్పుడే సరిగ్గా చెప్పాల్సింది తమ్ముడూ, చెప్పలేకపోయా అన్నా. నాకు తెలిసిన మాటల్లో ఇంతకంటే మంచివి ఆ రోజు దొరకలేదు.

"గది ఇంకా యాదికున్నదా అన్నా?" అని నవ్వాడు. "నాకు గా మాట ఒక్కటే కొంచెం తిప్పలు పెట్టింది. రాత్రి బస్సెక్కి ఊరికి పోయిన. బాపుకు ఏమని చెప్పాల్నో సమజ్ గాలె. మీరు జెప్పిన మాటే జెప్పిన, కంపెనీల నన్ను రిలీజ్ జేసిన్రు బాపూ అని. ఆయన జర సేపు నా మొకం జూసి, నెత్తి మీద చెయ్యి వెట్టి అడిగిండు... ఏం తప్పు జేసినవ్ బిడ్డా, ఎన్ని దినాలు లోపలేసిన్రు, మాకొక ముచ్చట జెప్పకపోతివి?"